బోరమ్‌వుడ్‌లో పుట్టిన గెలాక్సీ

మొదటి రోజు: హౌన్‌స్లో, గ్రేట్ మార్ల్‌బరో స్ట్రీట్

సినిమాలకు సెట్లు వేయడం నా పని. ఇరవై ఆరేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక ఆర్ట్ డైరెక్టర్ గారి దగ్గర అసిస్టెంటుగా చేరాను. అప్పటి నుంచి ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫైబరు, రంగు డబ్బాలు, ఇవే నా లోకం. 1977లో వచ్చిన అంతరిక్ష యుద్ధాల సినిమా స్టార్ వార్స్‌ని మొదటిసారి అరిగిపోయిన వీడియో క్యాసెట్‌లో చూశాను. అదంతా హాలీవుడ్‌లోనే తీశారని చాలా ఏళ్లు అనుకున్నాను. పనిలో పడ్డాక ఒక సీనియర్ చెప్పారు: "కథ అమెరికాది, డబ్బు అమెరికాది, డైరెక్టర్ జార్జ్ లూకాస్ అమెరికావాడు. సెట్లు మాత్రం ఇంగ్లండ్ వడ్రంగులవి బాబూ." ఆ మాట నన్ను వదల్లేదు. అంతరిక్షంలో ఎగిరే బొమ్మ ఓడలను కాలిఫోర్నియాలోనే చేసి అక్కడే షూట్ చేశారు. ఆ గొప్ప వాళ్లకే దక్కాలి. కానీ మనుషులు నడిచిన నేల, తట్టిన గోడ, పట్టుకున్న కత్తి, తొడుక్కున్న ముసుగు దాదాపు అన్నీ లండన్ చుట్టుపక్కల చేసినవే. వాటిని చేసిన చోట్లు ఒక్కసారి చూడాలని ఎన్నేళ్లుగానో కోరిక. 2025 సెప్టెంబరులో అది తీరింది.

చెల్లెలు వాళ్లది హౌన్‌స్లో. హీత్రూలో దిగి ముప్పావు గంటలో ఇంటికి చేరాను. పప్పుచారు, వంకాయ కూర తిని రెండు గంటలు పడుకున్నాను. సాయంత్రం ట్యూబ్ రైలు ఎక్కి ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో దిగాను. లిబర్టీ అనే పాత కలప మేడలాంటి షాపు పక్కనుంచి వెళ్లేదే గ్రేట్ మార్ల్‌బరో స్ట్రీట్. ఈ వీధిలో 1976 ప్రాంతంలో ఒక కెమెరాల షాపు ఉండేది. రోజర్ క్రిస్టియన్ అనే సెట్ డెకొరేటర్ అక్కడికి వచ్చి, ఎవరూ అడగని పాత సామాను ఏమైనా ఉందా అని అడిగాడు. దుమ్ము పట్టిన ఒక పెట్టె చూపించారు. అందులో గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ పిడులు ఉన్నాయి. పూర్వం పత్రికా ఫొటోగ్రాఫర్లు వాడిన, బ్యాటరీలు వేసుకునే లోహపు గొట్టాలవి. చేతిలోకి తీసుకోగానే తాను వెతుకుతున్నది ఇదేనని అతనికి అర్థమైంది. అల్మరా తలుపుల అంచులకు వేసే నల్లటి ప్లాస్టిక్ పట్టీని ముక్కలుగా కోసి, సూపర్ గ్లూతో ఆ గొట్టానికి అంటించాడు. మధ్యలో ఉన్న క్లిప్పులో, పాత క్యాలిక్యులేటర్ అంకెల మీద ఉండే బుడగల అద్దం ముక్క ఒకటి దూర్చాడు. బెల్టుకు వేలాడేయడానికి కింద ఒక రింగు. కథానాయకుడు లూక్ స్కైవాకర్ పట్టుకునే వెలుగు కత్తి, లైట్ సేబర్, అయిపోయింది.

ఆ షాపు ఇప్పుడు లేదు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచాను. మాకు కూడా పని సగం బేగంబజార్‌లోనో, స్క్రాపు కొట్లలోనో దొరుకుతుంది. అడిగిన బడ్జెట్ ఇవ్వనప్పుడే కన్ను పదునెక్కుతుంది. క్రిస్టియన్‌దీ అదే పరిస్థితి. సెట్ల గోడలకు అవసరమైన యంత్ర సామాను కొత్తగా చేయించే డబ్బు లేదు. కాబట్టి పాత విమానాల తుక్కు బరువు లెక్కన కొన్నాడు. జెట్ ఇంజన్లు విప్పించి, ఏ ముక్కకు ఆ ముక్క విడదీయించి గోడల మీద అమర్పించాడు. ఈ సినిమాలో అంతరిక్షం ఎవరో ఏళ్ల తరబడి వాడినట్టు, గీతలు పడి, నూనె మరకలతో కనిపించడానికి కారణం ఆ తుక్కే.

రాత్రి చెల్లెలి ఇంట్లో ముఖం కడుక్కుంటుంటే పాతకాలపు క్రోమ్ కుళాయి చేతికి తగిలింది. పువ్వు రేకుల్లా గాడులున్న గుండ్రటి పిడి. లూక్ గురువు ఓబీవన్ కెనోబీ లైట్ సేబర్ అడుగు భాగం అచ్చం ఇలాంటి కుళాయి పిడే. ఆ కత్తి పై భాగం రోల్స్‌రాయిస్ డెర్వెంట్ జెట్ ఇంజన్‌లోని ఒక గొట్టం. చేతి పట్టు మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ రైఫిల్ గ్రెనేడు. విమానం, యుద్ధం, బాత్‌రూమ్, మూడూ కలిసి ఒక పిడి. నీళ్లు కారిపోతున్నా పట్టించుకోకుండా ఆ కుళాయిని తిప్పుతూ నిలబడ్డాను. చెల్లెలు బయటి నుంచి తలుపు కొట్టింది.

రెండో రోజు: బోరమ్‌వుడ్

మేనకోడలు కాలేజీకి సెలవు పెట్టి నాతో వచ్చింది. సెయింట్ పాంక్రాస్ నుంచి థేమ్స్‌లింక్ రైల్లో అరగంట కూడా పట్టలేదు. స్టార్ వార్స్ తీసిన ఎల్‌స్ట్రీ స్టూడియో ఉన్నది ఈ ఊళ్లోనే. స్టేషన్ పేరు ఎల్‌స్ట్రీ అండ్ బోరమ్‌వుడ్. దిగితే షెన్లీ రోడ్డు. మంగలి షాపులు, కబాబ్ కొట్లు, పోస్టాఫీసు, మామూలు చిన్న టౌను. రోడ్డు పొడవునా ఇక్కడ పనిచేసిన సినిమావాళ్ల పేర్లతో పలకలు పెట్టారు.

నడుస్తూ నడుస్తూ పెద్ద టెస్కో సూపర్‌మార్కెట్ ముందుకు వచ్చాం.

"మావయ్యా, స్టూడియో అన్నావు, ఇది టెస్కో కదా?"

"స్టూడియో స్థలంలో పెద్ద ముక్క అమ్మేస్తే వచ్చిందే ఈ టెస్కో" అన్నాను.

ట్రాలీలు తోసుకుంటూ జనం వస్తున్నారు, పోతున్నారు. వాళ్ల కాళ్ల కింద ఒకప్పుడు షూటింగ్ ఫ్లోర్లు, ఆరుబయట సెట్లు వేసే బ్యాక్‌లాట్ ఉండేవి. నాకు గొంతు పట్టేసింది. హైదరాబాద్‌లో, చెన్నైలో కూడా స్టూడియోలు అపార్టుమెంట్లుగా, ఫంక్షన్ హాళ్లుగా మారడం కళ్లారా చూసినవాణ్ని. అయితే ఇక్కడ కథ అంతటితో అయిపోలేదు. ఊరివాళ్లు స్టూడియోను కాపాడుకోవాలని ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 1996లో హర్ట్‌స్మియర్ కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, మిగిలిన స్టూడియోను కొనేసింది. ఇప్పటికీ అది కౌన్సిల్ ఆస్తే. తర్వాత కట్టిన రెండు పెద్ద ఫ్లోర్లకు జార్జ్ లూకాస్ పేరు పెట్టారు. సినిమా స్టూడియోను కొని నడిపే మున్సిపాలిటీ! ఈ ఒక్క పనికే ఆ ఊరికి దణ్ణం పెట్టాలనిపించింది.

గేటు దాటి లోపలికి పోనివ్వరు. గేటు దగ్గరే నిలబడి మేనకోడలికి 1976 కథ చెప్పడం మొదలుపెట్టాను.

మార్చి 22న ట్యునీసియా ఎడారిలో షూటింగ్ మొదలైంది. అది ముగించుకుని ఏప్రిల్‌లో యూనిట్ ఇక్కడికి వచ్చింది. అమెరికాలో ఒకేచోట ఇన్ని పెద్ద ఫ్లోర్లు ఖాళీగా దొరకలేదు. ఎల్‌స్ట్రీకేమో అప్పట్లో సినిమాలు తగ్గి, మూతపడే స్థితి. నిపుణులున్నారు, ఖర్చూ తక్కువ. అలా ఫ్లోర్లన్నీ ఒకే సినిమాకు ఇచ్చేశారు. ప్రొడక్షన్ డిజైనర్ జాన్ బ్యారీ, లండన్‌వాడు. సంగీత దర్శకుడు జాన్ బ్యారీ వేరు, ఈయన వేరు. ఆయన కింద నార్మన్ రెనాల్డ్స్, లెస్లీ డిల్లీ ఆర్ట్ డైరెక్టర్లు, రోజర్ క్రిస్టియన్ సెట్ డెకొరేటర్. 1978 ఏప్రిల్‌లో ఆర్ట్ డైరెక్షన్ ఆస్కార్ ఈ నలుగురికీ కలిపి ఇచ్చారు. నలుగురూ బ్రిటిష్‌వాళ్లే. ఆ మరుసటి ఏడాదే, నలభై మూడో ఏట, బ్యారీ మెనింజైటిస్‌తో పోయారు. రెండో స్టార్ వార్స్ సినిమాకు పని చేస్తూ ఉండగానే.

సినిమాలోని అంతరిక్ష ఓడ మిలేనియం ఫాల్కన్ గురించి చెబితే మేనకోడలు నమ్మలేదు. ఆ ఓడను నిలువెత్తు సైజులో, అదీ సగమే కట్టారు. మిగతా సగానికి చోటూ లేదు, డబ్బూ లేదు. కట్టినదాన్ని కదపడం కుదరదు. మరి కథలో ఆ ఓడ ఒకసారి ఎడారి ఊళ్లో, మరోసారి విలన్ల భారీ అంతరిక్ష కేంద్రం డెత్ స్టార్ లోపల ఆగాలి. ఏం చేశారు? ఓడను అలాగే ఉంచి, చుట్టూ ఉన్న సెట్ మార్చేశారు. ముందు ఎడారి ఊరి మట్టిగోడలు. అవి షూట్ అయ్యాక పీకేసి, అదే చోట డెత్ స్టార్ నల్లటి గోడలు. ఓడ ఎక్కడికీ పోలేదు, గ్రహాలే దాని దగ్గరికి వచ్చాయి. సెట్ వేసేవాడికి ఇంతకంటే పెద్ద పాఠం ఏముంటుంది?

కెమెరా గిల్బర్ట్ టేలర్‌ది. 1914లో ఇక్కడికి కూతవేటు దూరంలోని బుషీ హీత్‌లో పుట్టాడు. డెత్ స్టార్ సెట్ అంతా నలుపు, బూడిద రంగు. వెలుతురు పడితే మింగేస్తుంది, లైట్లు దాచడానికి చోటు లేదు. అందుకని ఆయన గోడలకే, సీలింగ్‌లకే రంధ్రాలు కొట్టించి, వాటి వెనక క్వార్ట్జ్ దీపాలు పెట్టించాడు. మీరు ఆ సినిమా మళ్లీ చూస్తే గమనించండి: కారిడార్లలో గోడల నిండా నిలువుగా వెలిగే సన్నటి పట్టీలు. వాటిని ఎవరో అందం కోసం గీశారనుకుంటాం. అవి కెమెరామన్ అవసరంలోంచి వచ్చిన కంతలు. మా పనిలో కెమెరామన్ వచ్చి "ఈ గోడ కోయాలి" అంటే ఆ పూట టెన్షనే. కానీ సెట్‌కు ప్రాణం వచ్చేది కూడా ఆ కోతతోనే.

టేలర్ గురించి ఇంకో సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో ఉండి, జర్మనీ మీద రాత్రిపూట జరిగిన బాంబు దాడులను విమానం నుంచే చిత్రీకరించాడు. ఇదే ఎల్‌స్ట్రీ స్టూడియోలో తీసి 1955లో విడుదల చేసిన 'ది డ్యామ్ బస్టర్స్' అనే యుద్ధ చిత్రానికి ఎఫెక్ట్స్ ఫొటోగ్రఫీ చేశాడు. అందులో బ్రిటిష్ విమానాలు నీటికి ఆనుకున్నంత కిందుగా ఎగిరి, డ్యామ్‌కు గురిపెట్టి బాంబులు వదులుతాయి. స్టార్ వార్స్ చివర్లో డెత్ స్టార్ మీది కాలువలాంటి సందులోకి దూసుకుపోయే దాడికి ఆ సన్నివేశాలే నమూనా. ఎన్ని తుపాకులున్నాయని ఒక పైలట్ మరొకణ్ని అడిగే సంభాషణ కూడా దాదాపు యథాతథంగా వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఊహ అమెరికా చుట్టి వచ్చి, అదే స్టూడియోలో, అదే మనిషి కెమెరా ముందు నిలబడింది.

పని సాఫీగా ఏమీ సాగలేదు. 1976 వేసవి బ్రిటన్ మరిచిపోలేని ఎండాకాలం. ఫ్లోర్లలో ఏసీ లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి టీ విరామం, ఐదున్నరకు పని బంద్, ఇవి యూనియన్ నియమాలు. కుర్ర డైరెక్టర్ లూకాస్‌కు ఇది మింగుడు పడలేదని చాలామంది రాశారు. అలా రాసేటప్పుడు అందరూ డైరెక్టర్ పక్షమే. నేను మాత్రం ఆ వడ్రంగుల పక్షం. ఎండలో, ఫైబర్ వాసనలో, రేకుల కప్పు కింద పనిచేసేవాడికి టీ విరామం విలాసం కాదు. రాత్రి రెండింటి దాకా రంగులు వేసి, పొద్దున ఏడుకు మళ్లీ ఫ్లోర్ మీద ఉన్న రోజులు నాకు చాలా ఉన్నాయి. ఆ ఐదున్నర గంట కొట్టేవాళ్ల మీద నాకు గౌరవమే.

షెన్లీ రోడ్డు 96వ నంబరులో, లైబ్రరీ ఉన్న భవనంలోనే ఊరి మ్యూజియం ఉంది. చిన్నదే, నిదానంగా చూశాం. తిరిగొస్తూ టెస్కోలో నీళ్ల బాటిల్ కొన్నాను. బిల్లు దాచుకున్నాను.

మూడో రోజు: ట్వికెన్‌హామ్, షెపర్టన్

ఒక్కణ్నే బయల్దేరాను. హౌన్‌స్లో నుంచి 281 బస్సు నేరుగా ట్వికెన్‌హామ్ తీసుకెళ్తుంది. పచ్చిక మైదానం, దాని చుట్టూ పాత ఇళ్లు. ఈ ప్రాంతంలోనే ఆండ్రూ ఐన్స్‌వర్త్ అనే ఆయన వర్క్‌షాపు. విలన్ల సైనికులైన స్టార్మ్‌ట్రూపర్ల తెల్లటి హెల్మెట్లు తయారైంది అక్కడే. రాల్ఫ్ మెక్వారీ అనే అమెరికన్ చిత్రకారుడు రంగుల బొమ్మ వేశాడు. దాన్ని చూసి నిక్ పెంబర్టన్ మట్టితో నమూనా చేశాడు. ఐన్స్‌వర్త్ దగ్గర వాక్యూమ్ ఫార్మింగ్ యంత్రం ఉంది. ప్లాస్టిక్ షీటును వేడిచేసి మెత్తబడ్డాక అచ్చు మీద పరుస్తారు. కింది నుంచి గాలి లాగేస్తే షీటు అచ్చుకు చర్మంలా అతుక్కుంటుంది. చల్లారాక అంచులు కోసుకోవాలి. మొదటి విడతలో 50 హెల్మెట్లు చేశాడు.

దాదాపు మూడు దశాబ్దాల తర్వాత ఆయన ఆ హెల్మెట్ల కాపీలు అమ్మడం మొదలుపెడితే లూకాస్ కంపెనీ కోర్టుకు వెళ్లింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2011 జులైలో తీర్పిచ్చింది. ఇంగ్లండ్ చట్టంలో హెల్మెట్ 'శిల్పం' అయితే కాపీరైట్ చాలాకాలం ఉంటుంది. కాకపోతే, కర్మాగారంలో చేసే వస్తువుగా లెక్కించి 15 ఏళ్లే రక్షణ. సినిమా అనేది కళ కావచ్చు, అందులో వాడిన హెల్మెట్ మాత్రం ఒక పనికోసం చేసిన దుస్తుల భాగం, శిల్పం కాదు అని కోర్టు తేల్చింది. ఇంగ్లండ్ కాపీరైట్ మీద ఐన్స్‌వర్త్ గెలిచాడు. అమెరికా కాపీరైట్ ఉల్లంఘనను మాత్రం ఇక్కడి కోర్టుల్లో కూడా విచారించవచ్చని అదే తీర్పు చెప్పింది.

చట్టం లెక్క నాకు అర్థమవుతుంది. మనసు మాత్రం ఒప్పుకోదు. ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసేవాళ్లతో కలిసి పనిచేశాను. మట్టి మీద బొటనవేలు ఆడించి చెంప వంపు తేవడం ఎంత కష్టమో చూశాను. ఆ చెయ్యి చేసింది దేవుడి ముఖమైనా, సైనికుడి తలకాయైనా అది శిల్పమే. నేను జడ్జిని కాను కాబట్టి ఈ మాట నా దగ్గరే ఉంచుకుంటాను.

మట్టి అంటే చెప్పి తీరాల్సిన ఇద్దరున్నారు. నల్ల ముసుగు విలన్ డార్త్ వేడర్ ముసుగును మట్టిలో మలిచింది బ్రయాన్ మ్యూర్. పదహారో ఏట, 1968లో, ఎల్‌స్ట్రీలో పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడు. నటుడు డేవిడ్ ప్రౌజ్ తల అచ్చు తీసి, దాని మీద మట్టి వేసి, ఆ ముఖం మలిచాడు. దాన్నుంచి ప్లాస్టర్ మౌల్డు, మౌల్డు నుంచి ఫైబర్. మా దగ్గరా ఇదే పద్ధతి, ఇదే వాసన. రెండోవారు లిజ్ మూర్. బంగారు రోబో సీత్రీపీఓ ముఖం ఆమె చేతిలోనే పుట్టింది. ఆ ముఖంలో కోపం లేదు, నవ్వు లేదు. కానీ చూసేవాడికి ఎప్పుడు ఏ భావం కావాలంటే అది కనిపిస్తుంది. ఏ కనుబొమా లేని ముఖంలో అంత కంగారు ఎలా పెట్టారు? 1976లోనే, సినిమా విడుదలకు ముందే, కారు ప్రమాదంలో ఆమె పోయారు. తాను చేసిన ముఖాన్ని తెర మీద చూడనే లేదు. సినిమా చివర వచ్చే పేర్లలో మ్యూర్ పేరు లేదు, ఆమె పేరూ లేదు.

ఆ ముసుగుల లోపలి మనుషులూ ఇక్కడివాళ్లే. ఆర్‌టూడీటూ అనే చిన్న రోబో డబ్బాలో కూర్చున్న కెన్నీ బేకర్ బర్మింగ్‌హామ్‌వాడు, ఎత్తు మూడడుగుల ఎనిమిది అంగుళాలు. ఒళ్లంతా బొచ్చున్న చూబకాగా వేసిన పీటర్ మేహ్యూ ఏడడుగులు దాటిన లండన్ హాస్పిటల్ ఉద్యోగి. బొచ్చు, ముఖం చేసింది స్టూవర్ట్ ఫ్రీబోర్న్. వేడర్‌గా నిలబడ్డ ప్రౌజ్ బ్రిస్టల్ బరువులెత్తే వీరుడు. సెట్లో తన మాటలన్నీ తనే చెప్పాడు, తర్వాత గొంతు వేరేవాళ్లది పెట్టారు. డబ్బింగ్ అలవాటైన మనకు ఇది వింతేం కాదు. ఆయన మాత్రం చాలా బాధపడ్డాడు.

వేడర్ దుస్తుల కథ కూడా ఇలాంటిదే. కాస్ట్యూమ్ డిజైనర్ జాన్ మోలో సైనిక యూనిఫారాల చరిత్ర రాసినవాడు. బెర్మన్స్ అండ్ నాథన్స్ అనే దుస్తుల అద్దె గోదాముకు వెళ్లి ఒక విభాగంలో మోటార్ సైకిల్ తోలు సూటు, మరోచోట గ్యాస్ మాస్కు, ఇంకోచోట జర్మన్ హెల్మెట్, మధ్యయుగాల అరల్లో సన్యాసి దుప్పటి తీసి, ఒకదాని మీద ఒకటి వేసి చూశాడు. ఆస్కార్ తీసుకున్నప్పుడు, ఇవి దుస్తులకంటే కుళాయి సామాను, మోటారు సామాను అనడమే నయమన్న అర్థంలో మాట్లాడాడు. మొన్నటి బాత్‌రూమ్ గుర్తొచ్చింది.

ఇంకొక్కటి. స్టార్మ్‌ట్రూపర్ల చేతిలోని తుపాకీ స్టెర్లింగ్ సబ్‌మెషీన్ గన్. లండన్ శివారు డాగెన్‌హామ్‌లో తయారయ్యేది. ఇదే తుపాకీని లైసెన్సు మీద కాన్పూర్‌లో కూడా చేశారు. మనం కార్బైన్ అనేది అదే. మన పోలీసుల భుజాన వేలాడుతూ చిన్నప్పటి నుంచి చూసినదే. క్యాసెట్ చూసినప్పుడు ఆ తుపాకీ ఎక్కడో చూసినట్టుందే అనిపించడానికి కారణం అదన్నమాట.

మధ్యాహ్నం షెపర్టన్ స్టూడియోకు వెళ్లాను. సినిమా చివర్లో వీరులకు పతకాలిచ్చే సభ సన్నివేశం ఇక్కడి హెచ్ స్టేజీలో తీశారు. ఎల్‌స్ట్రీలో అంత పెద్ద ఫ్లోర్ లేక ఇక్కడికి వచ్చారు. ఇక్కడా గేటు దాకానే. వాన మొదలైంది, వెనక్కి వచ్చేశాను.

నాలుగో రోజు: డెనమ్, బార్బికన్

మేరిల్‌బోన్ స్టేషన్ నుంచి డెనమ్‌కు అరగంట. స్టేషన్ చిన్నది, చుట్టూ చెట్లు. ఇక్కడ 1930లలో కట్టిన పెద్ద సినిమా స్టూడియో ఉండేది. అది మూతపడ్డాక, అందులోని ఒక భాగంలో యాన్విల్ అనే రికార్డింగ్ స్టూడియో నడిచింది. 1977 మార్చిలో సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను ఇక్కడ కూర్చోబెట్టి స్టార్ వార్స్ సంగీతం రికార్డు చేశారు. మైకుల దగ్గర ఇంజనీరు ఎరిక్ టామ్లిన్సన్.

యాన్విల్ భవనాన్ని 1980 ప్రాంతంలో కూల్చేశారు. పాత ఫిల్మ్ ల్యాబ్ భవనం మాత్రం నిలిచింది. వాల్టర్ గ్రోపియస్ వంటి మహా ఆర్కిటెక్టు చేయి పడిన కట్టడం. ఇప్పుడు అందులో ఫ్లాట్లు. తెల్లటి గోడ ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడి, ఫోన్‌లో ఆ మొదటి సంగీతం పెట్టి, ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకున్నాను.

ఆ మొదటి క్షణం, ట్రంపెట్లు ఒక్కసారిగా లేచే ఆ క్షణం, మారిస్ మర్ఫీది. యార్క్‌షైర్ బ్రాస్ బ్యాండ్‌లో కార్నెట్ అనే చిన్న ట్రంపెట్ ఊది పైకొచ్చిన మనిషి. మిల్లు కార్మికుల ఊళ్లలో పుట్టిన బ్యాండ్లవి. లండన్ సింఫనీలో ప్రిన్సిపల్ ట్రంపెట్‌గా ఆయన ఊదిన మొట్టమొదటి పని ఇదే. కొత్త ఉద్యోగం, మొదటి రోజు, ముందు ఈ నోట్సు. తప్పుపోతే దాచడానికి ఏ తోడూ లేని ఎత్తు స్వరాలు. మన ఊళ్లలో పెళ్లి బ్యాండు ముందు నడిచే ట్రంపెట్ మాస్టారు పై స్వరం అందుకునేటప్పుడు మెడ నరాలు ఉబ్బడం చూసి ఉంటారు. అదే శ్వాస, అదే తెగింపు. మర్ఫీ 2007 దాకా ఆ ఆర్కెస్ట్రాలోనే ఉండి, 2010లో పోయారు. ఆ పాట మళ్లీ మళ్లీ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను.

సాయంత్రం బార్బికన్ హాల్లో అదే ఆర్కెస్ట్రా కచేరీకి పై వరసలో చవక టికెట్ దొరికింది. వాయించింది వేరే సంగీతం. నేను మాత్రం కచేరీ అంతా వెనక వరసలోని ట్రంపెట్లవైపే చూస్తూ కూర్చున్నాను.

ఐదో రోజు: విట్‌స్టబుల్

విక్టోరియా నుంచి గంటన్నర రైలు. కెంట్ తీరంలో ముత్యపు చిప్పల ఊరు. స్టార్ వార్స్‌లో విలన్ల పెద్ద అధికారి గ్రాండ్ మాఫ్ టార్కిన్‌గా వేసిన పీటర్ కుషింగ్ ఇక్కడే స్థిరపడ్డారు. తెర మీద ఒక గ్రహాన్ని మొత్తం పేల్చేయమని ఆజ్ఞ ఇచ్చిన మనిషి, ఈ ఊరివాళ్లకు అందరినీ పలకరిస్తూ నడిచిన పెద్దమనిషి. 1971లో భార్య హెలెన్ పోయాక ఆ దుఃఖం నుంచి ఆయన పూర్తిగా కోలుకోలేదు. సముద్రం వైపు చూసే ఒక చోటికి 'కుషింగ్స్ వ్యూ' అని పేరు పెట్టారు. అక్కడ ఒక బెంచీ ఉంది. దాని మీద కూర్చున్నాను. గులకరాళ్ల ఒడ్డు, బూడిదరంగు నీళ్లు, గాలికి కళ్లు మండుతున్నాయి.

సెట్లో ఆయనకిచ్చిన బూట్లు పాదాలకు పట్టలేదు, నొప్పి. ఆయన లూకాస్‌ను వినయంగా అడిగారు: కాళ్లు కనపడని షాట్లలో స్లిప్పర్లు వేసుకోవచ్చా అని. సరేనన్నారు. అందుకే టార్కిన్ చాలావరకు మోకాళ్ల పై నుంచే కనిపిస్తాడు. ఆ ముఖంలోని క్రూరత్వం చూసి చిన్నప్పుడు భయపడ్డాను. కింద మెత్తటి ఇంటి చెప్పులున్నాయని తెలిశాక ఆ నటన మీద గౌరవం రెట్టింపైంది.

హార్బర్ దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ సామాన్ల కొట్టు కనిపించింది. ఒక బుట్టలో తాళంచెవులు, తలుపు గడియలు, వాటి కింద ఒక పాత క్రోమ్ కుళాయి పిడి. మూడు పౌండ్లు. కొన్నాను.

ఆరో రోజు: సౌత్‌బ్యాంక్, హీత్రూ

విమానం రాత్రికి. పొద్దున సౌత్‌బ్యాంక్‌లోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాను. ఆ ఏడాది, 2025 జూన్‌లో ఇక్కడ స్టార్ వార్స్ 1977 నాటి అసలు ప్రింటును ప్రొజెక్టర్‌లో వేసి చూపించారు. తర్వాత మార్చిన, చేర్చిన దృశ్యాలేవీ లేని ప్రింటు. మూడు నెలలు ముందు వచ్చి ఉంటేనా అని మనసు పీకింది. ఆ ప్రింటు రంగులు ఇప్పటికీ వెలవకపోవడానికి కారణం కూడా బ్రిటనే. రంగులను అద్దకంలా ఒక్కొక్కటిగా ఫిల్మ్ మీదికి ఎక్కించే పాత టెక్నికలర్ పద్ధతిని అమెరికాలో అప్పటికే ఆపేశారు. లండన్ ల్యాబ్‌లో మాత్రం అప్పటికి ఇంకా నడుస్తోంది. మామూలు ప్రింట్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబడిపోతాయి. ఈ అద్దకపు రంగు నిలుస్తుంది. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మూసి ఉన్న హాలు తలుపు దగ్గర కాసేపు నిలబడి, కేఫ్‌లో కూర్చుని నోటు పుస్తకంలో పేర్లు రాసుకున్నాను. ఊరెళ్లాక మా వర్క్‌షాపు గోడ మీద రాయించాలని. లిజ్ మూర్. బ్రయాన్ మ్యూర్. నిక్ పెంబర్టన్. జాన్ బ్యారీ. గిల్బర్ట్ టేలర్. మారిస్ మర్ఫీ. తెలుగులో రాస్తే మన మనుషుల్లాగే ఉన్నారు.

హీత్రూలో సెక్యూరిటీ వాళ్లు నా చేతి సంచీని పక్కకు లాగారు. చెల్లెలు కట్టిన పచ్చడి సీసా గురించేమో అనుకున్నాను. కాదు. ఆ అమ్మాయి గ్లవ్స్ వేసుకున్న చేత్తో కుళాయి పిడిని బయటికి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఇదేంటని అడిగింది.

"కుళాయి పిడి" అన్నాను. ఇంగ్లిష్‌లో ఆ మాటకు ఒక్క క్షణం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె దాన్ని రుమాలులో మళ్లీ జాగ్రత్తగా చుట్టి, నా చేతిలో పెట్టింది.